చీటీలో రాని పేరు

నేటి వాక్యభాగం: సంఖ్యాకాండము 27:1–11, యెహోషువ 17:3–6, 18:1–10, 19:49–51

ఇంటి కోసం అర్జీ పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు మన సంఘాల్లో ప్రతి వరుసలోనూ ఉన్నారు. తిరుపతిలో యాత్రికులకు వండిపెట్టేవాళ్లు, లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, ఆసుపత్రుల్లో ఆయాలు, ఆటో తోలేవాళ్లు. వీళ్ల జీతంలో మొదటి కోత బాడుగే. ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పమంటే ఆరోగ్యం తర్వాత వినిపించే మాట ఇల్లు. ఈ ఉదయం వాళ్ల కోసం, వాళ్లతో కలిసి ధ్యానిద్దాం.

2015లో కేంద్రం ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదలుపెట్టింది. ఆ పథకం కిందే మన రాష్ట్ర పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్లు లేచాయి. తిరుపతివాళ్లకు వికృతమాలలో, దామినేడులో, చిత్తూరువాళ్లకు పూనేపల్లిలో. 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు. మధ్య రకానికి 50 వేలు, పెద్దదానికి లక్ష రూపాయలు లబ్ధిదారు వాటా కట్టమన్నారు. మెడలో బంగారం కుదువపెట్టి డీడీ తీసినవాళ్లు నాకు తెలుసు. 2019లో ప్రభుత్వం మారింది. చిన్న ఇల్లు రూపాయికే ఇస్తామన్నారు, మిగతా రెండు రకాల వాటా సగానికి తగ్గించారు. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ఇళ్ల స్థలాల పట్టాలు పంచడం మొదలైంది. మూడు రోజులకు శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో ముఖ్యమంత్రే వచ్చి ఇచ్చారు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఇప్పుడు పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అంటున్నారు. మాట మారిన ప్రతిసారీ జాబితాలు తిరగేస్తారు, కాగితాలు మళ్లీ తెమ్మంటారు. రాష్ట్రంలో కొన్నిచోట్ల ఇంటి తాళం చేతికి రాకముందే అప్పు కట్టమని బ్యాంకు నోటీసు ఇంటికొచ్చింది.

మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక అక్క దగ్గర బట్టల దుకాణం కవరు ఒకటుంది. ఆధార్ జిరాక్సులు, బియ్యం కార్డు, ఆదాయం సర్టిఫికెట్, పాసుపుస్తకం మొదటి పేజీ అన్నీ అందులోనే. అర్జీ తీసుకున్నట్టు మిషన్‌లోంచి వచ్చే చిన్న రసీదు కూడా ఉంది. అక్షరాలు వెలిసిపోతాయని భయపడి ఆమె దాన్ని లామినేషన్ చేయించింది. ఆ వేడికి కాగితమంతా నల్లబడిపోయింది, ఇప్పుడు నంబరూ కనిపించదు, తేదీ కనిపించదు. అయినా పారేయలేదు. ఆమె పేరు మొదట తీసేసింది కరెంటు 300 యూనిట్లు దాటిందని. ఒకే మీటరు మీద నాలుగు కాపురాలు, ఆ మీటరు ఇంటిగలాయనది, నంబరు మాత్రం ఈమె ఆధార్‌కు అంటుకుంది. ఎవరిదో ఇల్లు, ఎవరిదో మీటరు, దాని మూలంగా ఈమెకు ఇల్లు లేదు. అది సరిచేయించుకునేసరికి ఈమె పేరు అత్త కార్డులో ఉంది, కార్డు విడగొట్టి రమ్మన్నారు. అదీ అయింది. చివరికి లాటరీ తీశారు, పేరు రాలేదు.

ఆ రాత్రి ఆమె నాతో అన్న మాట: "నా మీద దేవునికి ఏదో కోపమున్నట్టుంది, పాస్టరమ్మా. ఇది ఆయన చిత్తం కాదేమో."

ప్రియులారా, ఈ మాట దగ్గర మనం ఆగాలి. సరిగా జవాబు చెప్పకపోతే ఇల్లు రాకపోవడంకన్నా పెద్ద గాయం అవుతుంది. చీటీ ఎవరు వేసినా దాని తీర్పు దేవునిదేనని సామెతల గ్రంథం చెబుతోంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, నేనూ నమ్ముతాను. అయితే పెట్టెలో ఎన్ని చీట్లు వేయాలన్నది మనుషులు వేసుకున్న లెక్క. హైదరాబాదులో 2023లో డబుల్ బెడ్‌రూం ఇళ్లకు లాటరీ తీశారు. ఇళ్లు లక్ష, అర్జీలు దాదాపు ఏడు లక్షలు. పేరు రానివాళ్లందరి మీదా దేవునికి కోపమని ఎవరు చెప్పగలరు? కట్టని ఇంటి లోటును తీసుకెళ్లి దేవుని చిత్తం ఖాతాలో రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది. అది దేవునికీ అన్యాయమే, ఆ అక్కకూ అన్యాయమే.

ఇశ్రాయేలీయులు దేశాన్ని పంచుకోవడానికి షిలోహులో చీట్లు ఎలా వేశారో చూడండి. ఇంకా భాగం రాని ఏడు గోత్రాలున్నాయి. గోత్రానికి ముగ్గురేసి మనుషులను యెహోషువ పంపాడు. వాళ్లు దేశమంతా కాలినడకన తిరిగి, ఊళ్లు రాసుకుని, ఏడు భాగాలు చేసి పుస్తకంలో ఎక్కించి తెచ్చారు. కొలిచినవాళ్లు తీసుకోబోయేవాళ్ల మనుషులే. ఆ తర్వాతే దేవుని సన్నిధిలో, అందరి కళ్లముందు చీట్లు పడ్డాయి. ఏడు గోత్రాలు, ఏడు భాగాలు. ఎవరికి ఏ భాగమో చీటీ తేల్చింది, అసలు భాగం లేని గోత్రమంటూ మిగల్లేదు. భూమిలో వంతు లేని లేవీయులకు కూడా కాపురముండటానికి 48 పట్టణాలు ఇచ్చారు. పంచిపెట్టిన యెహోషువకు? అందరికీ పంచడం అయిపోయాక, ఆఖరున, ఎఫ్రాయిము కొండల్లో ఒక ఊరు. దాన్ని తనే కట్టుకుని అందులో ఉన్నాడు. పంచే చేతికి తన వాటా చివరిది కావడం నాకు ఆ అధ్యాయాలన్నిటిలోనూ మనసుకు తాకిన సంగతి. చీటీ వెనుక దేవుని తీర్పు ఉందని చెప్పుకోవాలంటే చీటీ ముందు ఇంత న్యాయం ఉండాలి.

ఇక మన వాక్యభాగంలోని ఐదుగురు అక్కచెల్లెళ్ల సంగతి. సెలోపెహాదు అరణ్యంలో చనిపోయాడు. కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు ఆడపిల్లలు. భాగాలు పంచే లెక్క మగవాళ్లది, కాబట్టి ఆ ఇంటికి ఏమీ రాదు. వాళ్లు దాన్ని తలరాత అనుకోలేదు. మోషే, యాజకుడైన ఎలియాజరు, పెద్దలు, సమాజమంతా ఉన్నచోటికి, ప్రత్యక్షపు గుడారం గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడ్డారు. కొడుకులు లేనంతమాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ ఇవ్వండి అని అడిగారు. మోషే ఆ అర్జీని పక్కన పడేయలేదు. దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ పిల్లలు చెప్పింది సరైన మాటేనని దేవుడు తీర్పిచ్చాడు, రూలే మార్చాడు.

సండేస్కూల్లో ఇంతవరకే చెప్పి ఆపేస్తాం. యెహోషువ 17లో వాళ్లు మళ్లీ కనిపిస్తారు. అప్పటికి మోషే లేడు. నాయకుడు మారాడు, యొర్దాను దాటారు, యుద్ధాలు జరిగాయి. ఆ ఐదుగురూ మళ్లీ వచ్చి ఎలియాజరు ముందు, యెహోషువ ముందు నిలబడి, మాకు భాగమిమ్మని దేవుడు మోషేకు ఆజ్ఞ ఇచ్చాడు కదా అని గుర్తుచేయాల్సి వచ్చింది. సాక్షాత్తు దేవుడు మంజూరు చేసిన దానికే రెండోసారి తిరిగారు! ఎలియాజరు మాత్రం రెండుసార్లూ ఉన్నాడు. పాత సంగతి తెలిసిన మనిషి కొత్త నాయకుడి పక్కన ఉండటం కూడా దేవుని దయే. వాళ్లకు భాగం వచ్చింది.

కాబట్టి అక్కా, మళ్లీ అడగడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. రేపు ఉదయం సచివాలయం మెట్లెక్కినప్పుడు సిగ్గుపడకండి, బతిమాలుకుంటున్నట్టు తల వంచకండి. మీకు ముందు ఆ గుమ్మంలో నిలబడిన ఆడవాళ్ల పేర్లు లేఖనంలో ఉన్నాయి. లాటరీలో పేరు తెప్పిస్తానని డబ్బు అడిగేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. పేరు వచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో సంతోషించండి. అది కష్టమని నాకు తెలుసు. కన్నీళ్లు వస్తే అక్కడే రానివ్వండి.

సంఘంలో చదువుకున్న తమ్ముళ్లకు, ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక మాట. ఇల్లు లేనివాళ్ల కోసం ప్రార్థన చేసి, దేవుడు ద్వారం తెరుస్తాడు వెళ్లిరామ్మా అని పంపేస్తే యాకోబు పత్రిక మనల్ని నిలదీస్తుంది. ఒక పూట సెలవు పెట్టండి. ఆ కవరు తీసుకుని ఆమెతో కూడా వెళ్లండి. ఏ కారణంతో తీసేశారో రాతపూర్వకంగా అడగండి, పోయిన రసీదు నంబరు వెతికి తీయించండి. ఎలియాజరులా పాత సంగతి గుర్తుపెట్టుకుని కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు ఆమెకు కావాలి.

ప్రార్థన: తండ్రీ, సెలోపెహాదు కుమార్తెల మాట సరైనదని చెప్పిన దేవా, తిరుపతిలో, చిత్తూరులో బాడుగ ఇళ్లలో ఉంటూ అర్జీలు పట్టుకుని తిరిగే నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో. చీటీలో పేరు రాలేదని నువ్వు మరిచిపోయావనుకునే తలంపును వాళ్ల మనసులోంచి తీసివేయి. జాబితాలు రాసే చేతులకు న్యాయం నేర్పు, పంచేవాళ్లకు యెహోషువ మనసు ఇవ్వు. ఇళ్లున్న మాకు ఈ వారం ఒకరితో కలిసి వెళ్లే తీరిక, ఓపిక దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.