యథార్థవాదీ, లోకవిరోధమూ

‘యథార్థవాది లోకవిరోధి’ అన్నది పెద్దల మాట. ఇందులో అనుభవసారం ఉన్నది; దానితోపాటు ఒక ప్రమాదం కూడా పొంచి ఉన్నది. నిజం పలికినవానికి లోకం విరోధి కావచ్చునని చెప్పడం ఒక సంగతి. లోకం విరోధించింది కాబట్టి తాను పలికినది నిజమేనని తలచడం వేరొక సంగతి. మొదటిది అనుభవం, రెండవది ఆత్మవంచన. ఒక జాతి మరొక జాతిని హీనంగా చూచే చోట ఎవడో ఒకడు నిలబడి ఉన్నదున్నట్లు చెబుతాడు. వాని మాట పత్రికకెక్కుతుంది. పత్రికనుండి జనం నోట పడుతుంది. అప్పుడు లోకం చెప్పే తీర్పు ఆ మాటపైనా? మాటను గురించిన వార్తపైనా? లేక మాటలాడిన మనిషిపైనా? ఈ మూడింటికి గల భేదాన్ని పాటించని అభిప్రాయం ఎంతమంది పక్షాన ఉన్నా న్యాయం అనిపించుకోదు.

ఈ భేదాన్ని స్పష్టంగా చూపే నిదర్శనం 1896–97 నాటి నేటాల్ వృత్తాంతం. సూరత్ నగరానికి దక్షిణాన ఉన్ అనే ఊరు ఉన్నది. ఆ సూరత్ సీమనుండి, కాఠియావాడ్‌నుండి ఎందరో వర్తకులు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో స్వంత ఖర్చుతో ఓడలెక్కి దక్షిణాఫ్రికా చేరారు. వారికంటె ముందే, 1860 నవంబరు 16న, మద్రాసునుండి వెళ్ళిన ట్రూరో అనే ఓడ మొదటి ఒప్పంద కూలీలను దర్బన్ రేవులో దింపింది. 1911 వరకు అట్లు నేటాల్‌కు పోయినవారు లక్షా యాభై వేలకు పైబడినారు. వారిలో తమిళులతోపాటు విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువారు కూడా ఉన్నారు. ఒప్పందం ముగిసిన పిమ్మట అక్కడే ఉండదలచిన కూలీపై 1895లో ఏటా మూడు పౌన్ల పన్ను విధించారు. 1896లో వర్తకునికి వోటు హక్కు అందకుండా చట్టం చేశారు. సంపదలో, మతంలో, భాషలో ఒకరికొకరు దూరమైన ఈ ఇరువురినీ ఒకే తిరస్కారం ఒక చోటికి చేర్చింది.

1896లో స్వదేశానికి వచ్చిన గాంధీజీ రాజ్‌కోట్‌లో కూర్చొని ఈ బాధలను వివరిస్తూ ఒక కరపత్రం వ్రాశారు. ఆకుపచ్చని అట్ట కలది కావడంచేత దానికి ‘పచ్చ కరపత్రం’ అన్న పేరు నిలిచిపోయింది. పదివేల ప్రతులు అచ్చయినవి. అందులోని భాష సంయమనం గలది. ఈ విషయాలను అంతకుముందు నేటాల్‌లో వ్రాసినప్పటికంటె ఇక్కడ కావాలనే మెత్తని మాటలు వాడినట్లు ఆయనే అనంతరం తెలిపారు. అలహాబాదులోని పయొనీర్ పత్రిక దానిని ప్రస్తావించింది. రాయిటర్ సంస్థ దాని సారాంశాన్ని తంతి ద్వారా లండన్‌కు పంపింది. లండన్ కార్యాలయం ఆ సారాంశానికి మళ్ళీ సారాంశం తీసి నేటాల్‌కు పంపింది. అచ్చులో అది మూడు పంక్తులు. నేటాల్‌లో భారతీయులను దోచుకొని, కొట్టి, పశువులవలె చూస్తున్నారని, వారికి న్యాయం దొరకదని గాంధీ ప్రకటించినట్లు ఆ పంక్తుల భావం. దర్బన్‌లోని తెల్లవారు చదివినది ఆ మూడు పంక్తులనే.

ఆపై వదంతులు బయలుదేరినవి. గాంధీ రెండు ఓడల నిండా మనుషులను తెచ్చి నేటాల్‌ను ముంచివేయనున్నాడని ప్రచారం సాగింది. డిసెంబరులో వచ్చిన కోర్లాండ్, నాదరీ ఓడలను అంటురోగపు భయం చెప్పి మూడు వారాలకు పైగా రేవు బయటనే నిలిపివేశారు. వాటిలోని ప్రయాణికులు ఎనిమిది వందల వరకు ఉన్నారు. 1897 జనవరి 13న గాంధీజీ ఒడ్డుకు దిగగానే గుంపు ఆయనను చుట్టుముట్టి రాళ్ళు రువ్వింది, తన్నింది. పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండర్ భార్య ఆ దారినే వస్తూ తన గొడుగు విప్పి అడ్డు నిలిచింది. ఆమె రక్షించినది ఆయన అభిప్రాయాన్ని కాదు, ఆయన ప్రాణాన్ని. దోషులను శిక్షించవలెనని లండన్‌నుండి వలసల మంత్రి చేంబర్లేన్ తంతి పంపగా, తాను ఎవరిపైనా అభియోగం తేదలచుకోలేదని గాంధీజీ చెప్పివేశారు.

ఇక్కడ రెండు విషయాలు ఆలోచించదగినవి. నేటాల్ మెర్క్యురీ పత్రిక కరపత్రాన్ని స్వయంగా చూచిన పిమ్మట 1896 సెప్టెంబరులోనే, గాంధీ తన హక్కును మీరి చేసినదేమీ లేదని వ్రాసింది. అంటే నిజం పొక్కక ముందు జరిగిన దాడి కాదు అది. నిజం అచ్చయిన నాలుగు నెలలకు జరిగినది. తప్పుడు సారాంశం వలె సవరణ పరుగెత్తలేదు. కోపానికి మూడు పంక్తులు చాలును. న్యాయానికి మొత్తం కరపత్రం చదవవలెను. రెండవది: ‘ఇంకాస్త మెత్తగా చెబితే ఇంత దూరం వచ్చేది కాదు’ అన్న సలహా యథార్థవాదికి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. నేటాల్‌లో ఉండి 1894లోను, 1895లోను గాంధీజీ ఇవే సంగతులను ఇంతకంటె గట్టిగా అచ్చు వేయించారు. అప్పుడు ఎవరూ రాయి ఎత్తలేదు. ఇండియాలో మెత్తగా చెప్పినందుకు ఎత్తారు. మారినది మాట కాదు, వినేవాడు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న భయమే వారి కోపానికి మూలం. కాని గుట్టును కాపాడవలసిన బాధ్యత ఇంటివానిపై ఉంటుంది. కూలీని ఆ ఇంటివానిగా ఏనాడూ లెక్కించని వారికి, వాడు గుట్టు బయటపెట్టాడని నిందించే అధికారం ఎక్కడిది?

నోరు విప్పినవానిని శత్రువులే కాదు, మిత్రులు కూడా అపార్థం చేసుకొంటారు. 1907 జులైలో ప్రిటోరియాలో భారతీయుల సభ జరిగింది. ఆసియావాసులంతా పేర్లు నమోదు చేయించుకొని వ్రేలిముద్రలు వేయవలెనన్న ట్రాన్స్‌వాల్ చట్టాన్ని ఎదిరించడం దాని ఉద్దేశం. భారతీయుల మేలు కోరే విలియం హోస్కెన్ ఆ సభకు వచ్చి, ప్రభుత్వాన్ని ఎదిరించి లాభం లేదు, లొంగిపొండని హితవు చెప్పాడు. అప్పుడు అహమ్మద్ మహమ్మద్ కాఛలియా అనే సూరతీ మేమన్ వర్తకుడు లేచి, ఉరికైనా సిద్ధమే గాని ఈ చట్టానికి లొంగనని దైవసాక్షిగా పలికాడు. పలుకుతూ వ్రేళ్ళను గొంతుమీద ఆనించి చూపాడు. ఆ మాట విని తనకు సందేహంతో కూడిన నవ్వు వచ్చిందని, పిమ్మట సిగ్గుపడ్డానని గాంధీజీ వ్రాసుకొన్నారు. ఆ మాట విలువ తెల్లజాతి ఋణదాతలు ఒక్కుమ్మడిగా బాకీలు అడిగినప్పుడు తెలిసింది. ఉద్యమం వదిలితే గడువు ఇస్తామన్నారు. కాఛలియా వదలలేదు. దుకాణం దివాలా తీసింది. బాకీదారులకు మాత్రం పూర్తి సొమ్ము ముట్టింది. వర్తకునికి పరపతి ప్రాణంతో సమానం. ఆయన తన మాటకు దానినే వెలగా చెల్లించాడు. నాడు లొంగిపొమ్మన్న హోస్కెన్ తరువాత భారతీయుల పక్షాన నిలిచిన ఐరోపావారి సంఘానికి అధ్యక్షుడైనాడు. ఆయన మనసును ప్రసంగాల కంటె, మాటకోసం మనుషులు పడిన కష్టమే ఎక్కువగా మార్చి ఉండవలెను.

ఇంతటితో ఆపితే ఇది యథార్థవాది విజయగాథ మాత్రమే అవుతుంది. కాని మూడు పంక్తులు చాలవు, మొత్తం చదవవలెనని లోకాన్ని కోరినవారు తామూ మొత్తం చదవక తప్పదు. 1896 సెప్టెంబరు 26న బొంబాయిలో చేసిన ప్రసంగంలో గాంధీజీ, తెల్లవారు భారతీయులను ఆఫ్రికా ఆదివాసుల స్థాయికి దించుతున్నారని ఫిర్యాదు చేస్తూ, ఆ ఆఫ్రికావాసులను సోమరులుగా, అనాగరికులుగా చిత్రించారు. తన జాతికి జరిగిన అన్యాయాన్ని చెప్పడానికి మరొక జాతి అవమానాన్ని కొలబద్దగా వాడారు. 2016లో ఘానా విశ్వవిద్యాలయంలో ప్రతిష్ఠించిన ఆయన విగ్రహాన్ని 2018 డిసెంబరులో తొలగించారు. అక్కడి అధ్యాపకులు ఎత్తి చూపినవి ఆ తొలినాళ్ళ వ్రాతలనే. ఆ వార్తకు భారతదేశంలో కొందరు ఇది కృతఘ్నత అన్నారు. కొందరు ఇక గాంధీలో మిగిలినది ఏమీ లేదన్నారు. ఇవి రెండూ మూడు పంక్తుల తీర్పులే. 1908 మేలో జొహానెస్‌బర్గ్‌లో మాట్లాడుతూ ఆయన, అన్ని జాతులూ కలిసిమెలిసి ప్రపంచం ఇంకా చూడని నాగరికతను నిర్మించే భవిష్యత్తును ఊహించారు. ఆ మాట 1896 నాటి మాటను చెరిపివేయదు. 1896 నాటి మాట దీనిని అబద్ధం చేయదు.

విచారించవలసిన అంశం మరొకటి ఉన్నది. 1897లో దర్బన్ గుంపు గాంధీజీపై మోపిన నేరాలలో ఆఫ్రికావాసులను కించపరచిన నేరం లేదు. ఆ చిన్నచూపులో గుంపుకు, ఆయనకు భేదం లేకపోవడమే కారణం. లోకం ఆయనను ఎదిరించిన చోట ఆయన న్యాయం పక్షాన ఉన్నారు. తప్పు దాగినది ఆయన లోకంతో ఏకీభవించిన చోట. అందుచేత నిజం పలికేవాడు తనకు ఎదురైన వ్యతిరేకతను లెక్కపెట్టుకొని తృప్తిపడరాదు. తనను తిట్టేవారు కూడా తనతో కలిసి తల ఊపే మాట ఏదో వెదకి, దానిని పరీక్షించుకోవలెను. తన ఫిర్యాదులో ఇంకొకడు మెట్టుగా పడి ఉన్నాడేమో చూచుకోవలెను.

లోకానికి కూడా ఒక విధి ఉన్నది. నాడు తంతి వార్త నేటాల్ చేరడానికి కొంత వ్యవధి పట్టేది. నేడు సారాంశానికి సారాంశం నిమిషంలో దేశాలు దాటుతుంది, అందుకు తగినంత వేగంగా రాయి కూడా లేస్తుంది. మాటలాడినవాడు ఎవరి ముందు మాటలాడాడు, నిందితుల ఎదుట కూడా అదే చెప్పాడా, దానికి తాను ఏ వెల చెల్లించాడు అని విచారించడానికి కాలం కావలెను. ఆ విచారణలో అతడు ఓడిపోవచ్చు, గెలువవచ్చు. సగం గెలిచి సగం ఓడవచ్చు. అది ముగిసేలోగా అతని పైకి వచ్చే రాళ్ళకు ఎవరైనా ఒక గొడుగు అడ్డు పెట్టవలసి ఉంటుంది. ఆ పని చేయడానికి అతనితో ఏకీభవించనక్కరలేదు.