రాఘవ గారి దారి

అమ్మడూ,

పరిషత్తు పోటీకి పద్యనాటకం కడుతున్నారనీ, దర్శకుడు ప్రతి పద్యం చివరా రాగం సాగదీయమంటున్నాడనీ, నీకు మనసొప్పడం లేదనీ రాశావు. నీకు బళ్లారి రాఘవ గారి సంగతి చెప్పాలి.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880లో తాడిపత్రిలో పుట్టారు. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు మేనమామ. రాఘవ గారు మద్రాసులో లా చదివి బళ్లారిలో పేరున్న వకీలయ్యారు. నాటకం మీద బతకాల్సిన అవసరం లేదు కాబట్టి జనం మెప్పు కోసం తలొగ్గాల్సిన అగత్యమూ లేకపోయింది. ఆ వెసులుబాటు అందరికీ దొరకదు, నీకూ దొరక్కపోవచ్చు. దొరికినప్పుడు ఆయన దాన్ని దేనికి వాడారో చూడు.

అప్పట్లో హార్మోనియం శ్రుతి అందగానే నటుడు పాత్రను వదిలేసి రాగంలోకి వెళ్లిపోయేవాడు. కొడుకు శవం ముందు కూర్చున్న చంద్రమతి కూడా జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ పాడాల్సిందే. ఆ గానమంటే నాకూ ప్రాణమే, దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఆ ఏడుపు ఏమైపోయింది? రాఘవ గారిని కలవరపెట్టింది ఇదే. ఆయన పద్యాన్ని మాటగా పలికారు. హరిశ్చంద్రుడైనా, హిరణ్యకశిపుడైనా, ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం అయినా, పాత్రకు గుండె ఎక్కడ పట్టుకుంటే అక్కడే విరుపు. రాగాలాపన కోసమే వచ్చినవాళ్లకు అది రుచించలేదు. అయినా ఆయన పద్ధతి మార్చుకోలేదు.

నీకు దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. స్థానం నరసింహారావు గారి వంటి మహానటులు ఆడవేషాలతో ఊళ్లకు ఊళ్లనే మెప్పిస్తున్న కాలమది. సంసారుల ఇంటి పిల్ల రంగస్థలం ఎక్కితే ఆ ఇంటికి మర్యాద ఉండదనుకునేవారు. స్త్రీ పాత్ర స్త్రీయే వెయ్యాలని రాఘవ గారు పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి గారి వంటివారిని ప్రోత్సహించి తన సరసన నిలబెట్టారు. తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నారు గారు ‘తప్పెవరిది’ రాస్తే, ఆ సాంఘిక నాటకాన్ని ఆడినది రాఘవ గారే. నువ్వు ఈ రోజు ఎవరి అనుమతీ అడగకుండా రిహార్సల్‌కి వెళ్తున్నావంటే, ఆ ధైర్యంలో ఆయన పాలు కొంత ఉంది. పద్మావతీదేవి గారిది అంతకంటే ఎక్కువ ఉంది. మాటపడింది ఆమె కదా.

సినిమాల్లో ఆయన ఎక్కువ కాలం లేరు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’, 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘రైతుబిడ్డ’, 1940లో ‘చండిక’. వాటిలో ‘రైతుబిడ్డ’నే నేను గొప్పగా చెప్పుకుంటాను. జమీందారీ దౌర్జన్యాన్ని నిలదీసిన చిత్రమది, జమీందార్లకు కంటగింపైంది. పౌరాణికాలు రాజ్యమేలుతున్న రోజుల్లో, దుర్యోధనుడిగా మెప్పించిన ఆ నటుడు అందులో రైతుగా కనిపించాడు. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం గారు పుట్టిన తేదీ కూడా అదే. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తున్నాం.

దర్శకుడితో తగవు పెట్టుకోకు, తల్లీ. ఆయన వయసుకు, పడిన కష్టానికి మర్యాద ఇవ్వు. అలాగని నీకు తోచింది లోపలే అణచుకోకు. పద్యాన్ని ముందు వచనంగా పదిమార్లు చదువు. ఎవరితో, ఏం కావాలని అంటున్నావో తెలిసేదాకా శ్రుతి పెట్టించుకోకు. ఆ తర్వాత రిహార్సల్‌లో రెండు విధాలా చేసి చూపించు: రాగం సాగదీసి ఒకసారి, అర్థం విరిగేచోట ఆగి ఒకసారి. ఎదురుగా నిలబడిన నటుడు ఏ తీరుకు జవాబు చెప్పాలని కదిలాడో దర్శకుడినే గమనించమను. రాగం సాగదీసినప్పుడే అతను కదిలాడంటే, దర్శకుడి మాటే విను.

ఆశీస్సులతో,
తాతయ్య