పైలట్ల వేతనం, సంఘధర్మం

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు వెలసిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ సంస్థను 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో రద్దు చేశారు. అంతకు పదకొండేళ్ల ముందు, ఆయనను పెంచిన దివ్యజ్ఞాన సమాజానికే, అంటే మతభేదాలకు అతీతమైన మానవ సౌభ్రాత్రాన్ని బోధించి 1915లో మదనపల్లె కళాశాలకు మూలమైన ఆ సమాజానికే చెందిన బి.పి. వాడియా, మద్రాసు మిల్లు కార్మికులను కూడగట్టి మద్రాస్ లేబర్ యూనియన్‌ను స్థాపించారు. ఒకే నీడన ఎదిగినవారిలో ఒకరు సంఘాన్ని కట్టడం, మరొకరు కూల్చడం వైరుధ్యమనిపించవచ్చు గాని, ఓమెన్ ప్రసంగాన్ని శ్రద్ధగా చదివినవారికి అలా తోచదు. ఉత్తరాలు రాసుకోవడానికి టైపురైటరును వాడుకుంటాం గాని దాన్ని పీఠమెక్కించి పూజ చేయం కదా అని కృష్ణమూర్తి అక్కడే అన్నారు. కనుక ఆయన నిరాకరించింది పనిముట్టుగా ఉన్న సంఘాన్ని కాదు, సత్యానికి తానే దారినని చెప్పుకునే సంఘాన్ని.

ఈ భేదం విమాన పైలట్ల విషయంలో నిగ్గు తేలుతుంది. పుంగనూరు, కుప్పం వాసులు విమానమెక్కాలంటే బెంగళూరుకో రేణిగుంటకో పోవాలి. రేణిగుంటలో దిగే డెబ్బై, ఎనభై మంది పట్టే ఏటీఆర్ విమానాన్ని నడిపేవారి బాధ్యత, పెద్ద జెట్‌ను నడిపేవారి బాధ్యత కంటే ఏ విధంగానూ తేలికైనది కాకపోయినా, ప్రాంతీయ విమానాల పైలట్ల జీతం సాధారణంగా తక్కువే. ఫలాపేక్ష లేని కర్మను గీత బోధించింది గదా, జీతం కోసం పట్టుపట్టడం తగునా అని కొందరు అడుగుతారు. జీతమిచ్చేవాడు జీతగానికి వైరాగ్యం బోధించడంలోని సౌకర్యాన్ని అలా ఉంచినా, అదే గీత లోకసంగ్రహాన్ని, అనగా లోకం నిలకడగా సాగడానికి అవసరమైన కర్మాచరణను కూడా చెప్పింది. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించినప్పుడు, దర్యాప్తు కెప్టెన్ పొరపాటునే ప్రధాన కారణంగా తేల్చింది. అయినా పెద్ద విమాన సంస్థ కాంటినెంటల్ పేరిట టికెట్టు కొన్న ప్రయాణికులను తీసుకెళ్లింది అల్ప వేతనం గల ప్రాంతీయ సిబ్బంది అని, కో-పైలట్ సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణించి నెవార్క్‌లో విధులకు హాజరైందని ఆ విచారణలోనే బయటపడింది. అక్కడ జీతమంటే కర్మఫలం మాత్రమే కాదు, కర్మను సక్రమంగా చేయడానికి కావలసిన నిద్ర, నివాసం కూడా.

అయితే పనిముట్టు పీఠమెక్కిన సందర్భమూ మన దేశంలోనే ఉంది. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైనా, వరుసగా వాటి పైలట్ల సంఘాలైన ఇండియన్ పైలట్స్ గిల్డ్, ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ రెండూ విడివిడిగానే మిగిలాయి. వీటి మధ్య చిక్కుముడి సీనియారిటీ, అంటే కెప్టెన్ హోదాను, నడిపే విమానాన్ని, తద్వారా జీతాన్ని నిర్ణయించే వరుస సంఖ్య. 2011లో రెండో సంఘం సమాన వేతనం కోరి సమ్మె చేసింది. 2012లో మొదటిది, కొత్త డ్రీమ్‌లైనర్ విమానాలపై రెండో సంఘంవారికి శిక్షణ ఇవ్వరాదంటూ 58 రోజులు విధులకు దూరమైంది. పదోన్నతి వెనుకబడుతుందన్న వారి భయం నిరాధారం కాదు. కాని యాజమాన్యానికి ఎదురుగా నిలవడానికి పుట్టిన సంఘం తోటి పైలట్‌కు అడ్డుగా నిలిచినప్పుడు అది రక్షిస్తున్నది ధర్మాన్ని కాదు, తన గుంపును; ఓమెన్‌లో వినిపించిన ఆక్షేపణ దీనికి పూర్తిగా వర్తిస్తుంది.

అంతమాత్రాన సంఘమే వద్దనడం కుదరదు. 2024లో ఎయిరిండియాతో విలీనానికి ముందు విస్తారా విమాన సంస్థ పైలట్ల కొత్త ఒప్పందంలో, ఎన్ని గంటలు ఎగిరినా తప్పక చెల్లించవలసిన వేతనపు పరిమితి నెలకు 70 గంటల నుంచి 40కి తగ్గింది. అభ్యంతరం చాలామందిదే అయినా, వారి పక్షాన బేరమాడడానికి గుర్తింపు పొందిన సంఘం లేకపోయింది. ఆ ఒప్పందంపై సంతకం చేయాలో వద్దో ప్రతి పైలట్ ఒంటరిగానే తేల్చుకోవలసి వచ్చింది.