చీజ్ ముక్కలో జాతకం, లోటాలో దొంగ



పూర్వం గ్రీకు దేశస్థులలో ఒక విచిత్రమైన జోస్యం ఉండేది. చీజ్ గడ్డను చూసి భవిష్యత్తు చెప్పేవారు. చీజ్ అంటే మన జున్ను కాదు. పాలు విరగ్గొట్టి, నీరు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెట్టే పదార్థం. దాని మీద పట్టిన బూజు, లోపలి రంధ్రాలు, చారలు చూసి లాభనష్టాలూ పెళ్ళిళ్ళూ చావులూ చెప్పడమే ఆ విద్య. క్రీ.శ. 2వ శతాబ్దంలో అర్తెమిదోరస్ అనే ఆయన కలల ఫలితాలపై ఒక గ్రంథం రాశాడు. పాచికలు, జల్లెడ, చీజ్ చూసి చెప్పేవారి మాటలు నమ్మదగినవి కావని అందులో తేల్చేశాడు. ఆయన జీవనాధారం మాత్రం కలలకు అర్థాలు చెప్పడమే! ఒక అంగడివాడు పక్క అంగడి సరుకును తిట్టినట్టుంది.

ఇంతకీ ఆ రంధ్రాలు ఎలా వస్తాయి? పాలలోని సూక్ష్మజీవులు విడిచే వాయువు వల్ల. 2015లో స్విట్జర్లాండ్ పరిశోధకులు మరో సంగతి చెప్పారు. పాలు పితికేటప్పుడు బకెట్‌లో పడే ఎండుగడ్డి నలుసుల చుట్టూ ఆ వాయువు చేరి రంధ్రాలు ఏర్పడతాయట. యంత్రాలతో శుభ్రంగా పితకడం మొదలయ్యాక రంధ్రాలు తగ్గిపోయాయట. అంటే గడ్డినలుసులో జనం తమ తలరాత వెదికారన్నమాట.

వారిని చూసి నవ్వే ముందు మన వీధుల్లోకి ఒకసారి తొంగిచూద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గం మీది ఊళ్ళు. ఇటువంటి ఊళ్ళలో జనం గుమిగూడిన చోట చిలక పంజరం కనిపిస్తుంది. సోది చెప్పే స్త్రీ గడప దగ్గర నిలబడి ఎరుక చెబుతానంటుంది. మన ఇళ్ళలో వీటికి వేరే పేర్లున్నాయి, అంతే. ఫాల్ తీయించడం, అంజనం చూపించడం, లోటా తిప్పించడం. ఇవి నిన్నా మొన్నా వచ్చినవి కావు. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లిముల ఆచారాలపై రాసిన 'ఖానూనె ఇస్లాం' 1832లో లండన్‌లో అచ్చయింది. జాతకాలు, అంజనాలు, దొంగను కనిపెట్టే ఉపాయాలు అందులో అధ్యాయాలకు అధ్యాయాలు ఆక్రమించాయి.

వీటన్నిటిలో లోటా సంగతి కొంత వివరంగా చెప్పక తప్పదు. ఇంట్లో ఉంగరం పోయిందనుకోండి, లేదా మగ్గం దగ్గరి పట్టు తగ్గిందనుకోండి. అనుమానం ఉన్నవారి పేర్లు చీటీలపై రాస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని లోటాను వేలికొనలపై నిలుపుతారు. ఒక్కో చీటీ అందులో వేస్తూ యాసీన్ సూరా చదువుతారు. ఏ పేరుకు లోటా తిరిగితే ఆ వ్యక్తే దొంగ! అల్లాహ్ వాక్కును ఇందుకా వాడేది? వేలికొనపై నిలిపిన బరువైన పాత్ర కాస్త అదిరినా తిరుగుతుంది. పట్టుకున్నవాడి మనసులోని అనుమానం తెలియకుండానే వేళ్ళలోకి దిగుతుంది. అందుకే లోటా దాదాపు ఎప్పుడూ పనిమనిషి పేరుకో, కొత్త కోడలి పేరుకో, ఇంట్లో తలదాచుకున్న పేద బంధువు పేరుకో తిరుగుతుంది. ఇంటి యజమాని పేరు చీటీపై రాయనే రాయరు కదా! తర్వాత ఆ ఉంగరం బియ్యం డబ్బాలో దొరికినా, దొంగ అనిపించుకున్న ఆ పిల్ల ముఖం మునుపటిలా ఉండదు. అనుమానాలకు దూరంగా ఉండమని, వార్త వస్తే నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్ 'హుజురాత్' సూరాలో ఆదేశించింది. మనిషి తెచ్చిన వార్తనే విచారించమన్నప్పుడు ఇత్తడి పాత్ర చెప్పిన వార్తను ఏం చేయాలి?

అజ్ఞానకాలపు అరబ్బులు బాణాలతో ఇదే పని చేసేవారు. ఒకదానిపై 'నా ప్రభువు ఆజ్ఞాపించాడు' అని, మరొకదానిపై 'వారించాడు' అని ఉండేది. మూడోది ఖాళీ. అది వస్తే మళ్ళీ తీసేవారు. 'మాయిదా' సూరా ఈ బాణాలను సారాయి, జూదాల సరసన నిలిపి నిషేధించింది. హిజ్రీ 8లో, అంటే క్రీ.శ. 630లో మక్కా జయమైనప్పుడు కాబాలో హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిముస్సలాం)ల చేతుల్లో ఈ బాణాలు పెట్టిన రూపాలు కనిపించాయి. వారిద్దరూ ఎన్నడూ ఆ పని చేయలేదని దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించి, వాటిని బయటికి తీయించారు. పుణ్యపురుషుల పేరు పెట్టి జోస్యం అమ్ముకునే అలవాటు అంత పాతది.

అగోచర జ్ఞానం అల్లాహ్‌ది మాత్రమే. జిన్నాతుల ద్వారా తెలుసుకుంటామనే ఆమిళ్ళున్నారు. హజ్రత్ సులైమాన్ (అలై) చేతికర్రకు ఆనుకునే మరణించారు. పురుగు ఆ కర్రను తినేసి ఆయన నేలకొరిగేదాకా, ఎదుట కష్టపడి పనిచేస్తున్న జిన్నాతులకు ఆ సంగతి తెలియలేదని 'సబా' సూరా చెబుతోంది. కళ్ళెదుటి మరణమే తెలియనివారు మీ అమ్మాయి పెళ్ళి సంగతి చెబుతారా?

"కానీ మాకు చెప్పింది జరిగింది కదా" అంటారు కొందరు. ఒక నిజానికి నూరు అబద్ధాలు కలుపుతారని దైవప్రవక్త (స) వివరించారు. మనం ఆ ఒక్కటే గుర్తుంచుకుని పదిమందికీ చెబుతాం. జోస్యుని వద్దకు వెళ్ళి అడిగినవాని నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని సహీహ్ ముస్లిం హదీసు. అంటే నమాజు మానేయవచ్చని కాదు. విధి తప్పదు, పుణ్యం మాత్రం దక్కదని ఉలమాలు వివరించారు. ఇక జోస్యం మీద వచ్చే సొమ్ము! హజ్రత్ అబూబకర్ (రజి)కు ఒకసారి బానిస ఏదో ఆహారం తెచ్చి ఇచ్చాడు. తిన్నాక తెలిసింది, అది అజ్ఞానకాలంలో అతను ఒకరికి చెప్పిన బూటకపు జోస్యానికి ముట్టిన ప్రతిఫలమని. ఆయన వెంటనే వేలు నోట్లో పెట్టుకుని కడుపులోనిదంతా కక్కేశారు.

సంబంధం చూసేటప్పుడు తల్లిదండ్రుల గుండె దడదడలాడడం సహజం. పేర్లు కలిశాయా అని ఫాల్ తీయిస్తే, నిక్షేపమైన సంబంధాలు రెండక్షరాల దగ్గర తెగిపోతాయి. తాగుబోతు సంబంధం 'బాగా కలిసింది' అని కుదిరిపోతుంది. దీనికి మనకు నేర్పబడినది ఇస్తిఖారా. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, మేలైతే సులభం చేయమని, కీడైతే తప్పించమని స్వయంగా వేడుకోవడం. డబ్బిచ్చి మరొకరితో కల కనిపించుకోవడం ఇస్తిఖారా కాదు. కల రావాలన్న షరతు హదీసులో లేదు.

నమాజు చేశాక విచారణ కూడా చేయాలి. అబ్బాయిది ధర్మవరమైతే హిందూపురంలో రైలెక్కండి. అతని మొహల్లా మస్జిదులో జుహర్ నమాజు చేసి ఇమాం గారిని అడగండి. పనిచేసే చోట అడగండి, అప్పులిచ్చినవారిని అడగండి, తల్లితో ఎలా మాట్లాడతాడో పక్కింటివారిని అడగండి. సాయంత్రానికి ఇంటికి వచ్చి, విన్నదంతా అమ్మాయికి చెప్పి, ఆమె ఏమంటుందో వినండి.