దోషికి బీమా ఇచ్చుట ధర్మమా?

ఇటీవల ఒక వివాహమున భోజనపంక్తిలో చర్చ జరిగినది. మద్యము సేవించి కారు నడుపుచు పట్టుబడిన వానికి మరల బీమా ఇవ్వవచ్చునా అనునది ప్రశ్న. పెద్దలొకరు “అట్టివానికి ఏ సంస్థయు బీమా ఇవ్వరాదు, చేసినది అనుభవించనిండు” అని తీర్పు చెప్పిరి. పంక్తిలో చాలమంది తలలూపిరి. నేనును ఊపితిని. ఇంటికి వచ్చిన పిదప అది తొందరపాటేమోనని తోచినది.

మోటారు బీమా రెండు విధములు. ఒకటి మన వాహనమునకు కలుగు నష్టమునకు. రెండవది మన వాహనము వలన ఇతరులకు కలుగు హానికి. దీనినే మూడవ పక్ష బీమా అందురు. 1988 మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను తప్పనిసరి చేసినది ఈ రెండవదానినే. అనగా ఆ బీమా నడుపువాని కొరకు కాదు, దారిన పోవు బాటసారి కొరకు. దోషికి బీమా నిరాకరించితిమనుకొందము. వాడు నడుపుట మానునా? మానక ఒక కూలివానిని గుద్దిన, ట్రిబ్యునలు పరిహారము విధించును. వాని యొద్ద చెల్లించుటకు ఏమియు ఉండదు. ఆ కూలివాని భార్య చేతిలో తీర్పు కాగితము మిగులును. చేసినది అనుభవించినది ఎవరు?

2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసున ఇచ్చిన తీర్పులో ఈ దృష్టియే కనిపించును. చోదకునికి సరియైన లైసెన్సు లేకపోయినను, బాధితునికి బీమా సంస్థ ముందుగా చెల్లించి, తదుపరి యజమాని నుండి రాబట్టుకొనునట్లు ఆదేశింపవచ్చునని ఆ తీర్పు సారము. తాగి నడిపినవాని సొంత కారు మరమ్మతునకు మాత్రము పాలసీ షరతుల ప్రకారము పైకము రాదు. ఇది న్యాయమే.

మన పిల్లలు అనేకులు స్థిరపడిన కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అచ్చట తాగి నడిపి శిక్షపడినవాడు లైసెన్సు తిరిగి పొందవలెనన్న, బీమా కలదని సంస్థయే ప్రభుత్వమునకు ఎస్.ఆర్.22 అను పత్రమును పంపవలెను. సాధారణముగా మూడేండ్లు అది నిలిచియుండవలెను. నడుమ బీమా ఆగిన సంస్థ తెలియజేయును, లైసెన్సు నిలిచిపోవును. మంచి చోదకులకిచ్చు రాయితీ పదేండ్లు దొరకదు. ఏ సంస్థయు ముందుకు రానిచో, ఒక సంస్థకు వానిని అప్పగించు ఏర్పాటును కలదు. వెలివేయుట లేదు, వెల పెంచుట కలదు.

మనకో? 2022 జూన్ 1 నుండి అమలైన రేట్లలో 1000 సి.సి. దాటి 1500 సి.సి. వరకు గల సొంత కారునకు మూడవ పక్ష రుసుము 3,416 రూపాయలు. సాధువు నడిపినను, తాగుబోతు నడిపినను అంతియే! ఇంజను పరిమాణము చూతురు గాని మనిషి నడవడి చూడరు. సొంత నష్టపు బీమాలో క్లెయిము లేనివారికి యాభై శాతము వరకు రాయితీ పెరుగును, నిజమే. కాని తాగి నడిపియు ఎవరిని గుద్దనివానికి సైతము అది దక్కును. అదృష్టమును సద్గుణముగా లెక్కించుట ఇది.

2021లో బీమా నియంత్రణ సంస్థ నియమించిన బృందము ఉల్లంఘనలకు పాయింట్లు వేసి రుసుము పెంచవలెనని ప్రతిపాదించినది. తాగి నడుపుటకు 100, తప్పుచోట నిలుపుటకు 10. ఆ రుసుము వాహన యజమానిదే, నడిపినది ఎవరైనను. ఇచ్చట నాకొక సంకోచము. లారీ నడుపుటయే కాయకమైన వానిని నిద్రలేకుండ పరుగెత్తించునది యజమాని. పెరిగిన రుసుమును వాని జీతములో కోసిన, భారము మరల బడుగువానిపైననే పడును. అయినను తాళము అప్పగించినవానికి బాధ్యత లేదనజాలను.

మొన్న ఆ పెద్దలను కలిసి ఇదంతయు చెప్పితిని. శ్రద్ధగా వినిరి. “అయితే నా మనుమడు నా కారుతో పట్టుబడిన, రుసుము నాకు పెరుగునా?” అని అడిగిరి. “ఆ ప్రతిపాదన ప్రకారము మీకే” అంటిని. కొంతసేపు మిన్నకుండి, లోపలివారిని పిలిచి, కారు తాళము ఎక్కడనున్నదని అడిగిరి.