తెల్లవారిందని చెప్పేదెవరు?



మాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. ఉద్యోగ విరమణకు కొన్నేళ్ల ముందు నీటికాసుల వ్యాధి వల్ల ఆయన చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి బ్యాంకు ఉత్తరం వచ్చినా, ఆసుపత్రి కాగితం వచ్చినా చదివిపెట్టమని ఇరుగుపొరుగు వారిని అడిగేవారు. ఎవరూ కాదనలేదు. అయితే ఆయన ఖాతాలో ఎంత సొమ్ముందో, ఒంట్లో ఏ జబ్బుందో ఆయన కంటే ముందు వీధికి తెలిసిపోయేది.

ఇటీవల ఒక జుమా రోజు నమాజు తర్వాత ఆయన జేబులోంచి ఫోను తీసి, ఒక ఉత్తరానికి ఎదురుగా పట్టుకున్నారు. ఫోను దాన్ని ఆయన చెవిలో మెల్లగా చదివింది. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇన్నేళ్లకు నా ఉత్తరం నేనే ముందు చదువుకున్నాను" అన్నారు.

పక్కనున్న ఒక యువకుడు సంబరంగా, "ఇంకేం మాస్టారూ! ఇక మీకు మా సాయంతో పనే లేదు" అన్నాడు. మాస్టారు నవ్వి ఊరుకున్నారు. కాని ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నిజంగానే పని లేదా? చూపులేనివారి పట్ల చూపున్నవారికి ఉన్న బాధ్యతను కృత్రిమ మేధ తీర్చేసిందా? ఈ ప్రశ్నను మనం కాస్త నిదానంగా ఆలోచించాలి.

చూపులేనివారే వేసిన బాట

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. ఇలాంటి పరికరాలను చూపున్నవారు దయతలచి అంధులకు ఇచ్చిన కానుకలుగా మనం భావిస్తుంటాం. చరిత్ర చూస్తే విషయం వేరుగా ఉంది. ఫ్రాన్సుకు చెందిన లూయీ బ్రెయిల్ చిన్నతనంలో తండ్రి పనిశాలలో పనిముట్టు గుచ్చుకుని చూపు కోల్పోయాడు. 1824లో, పదిహేనేళ్ల వయసులో, వేళ్లతో చదివే ఆరు చుక్కల లిపిని రూపొందించింది ఆయనే. కంప్యూటరు తెర మీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరును 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడు కూడా అంధుడే. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2017లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన 'సీయింగ్ ఏఐ' వెనుక ఉన్న ఇంజినీరు సాకిబ్ షేఖ్ ఏడేళ్ల వయసులోనే చూపు కోల్పోయినవారు. 2015లో మొదలైన 'బీ మై ఐస్' ఆలోచన డెన్మార్కుకు చెందిన హాన్స్ యోర్గెన్ వీబర్గ్‌ది. ఆయనకూ చూపు సరిగా లేదు.

చూపున్నవారూ ఇందులో పాలుపంచుకున్నారు. 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ పుస్తకం పేజీని చూసి పైకి చదివే యంత్రాన్ని తయారుచేశారు. అది బట్టలుతికే యంత్రమంత ఉండేది. నేడు ఆ పని జేబులోని ఫోను చేస్తోంది. అంతేకాదు, గదిలో ఏముందో, ఎదుటి మనిషి నవ్వుతున్నాడో లేదో, చొక్కా ఏ రంగులో ఉందో కూడా చెబుతోంది. 'బీ మై ఐస్' మొదట్లో అంధుడు వీడియో కాల్ చేస్తే, ఎక్కడో ఉన్న ఒక స్వచ్ఛంద సేవకుడు చూసి చెప్పే ఏర్పాటు. 2023 నుంచి మనిషి బదులు కృత్రిమ మేధను కూడా అడిగే వీలు కల్పించారు.

అడగకుండా బతకడం

ఇందువల్ల కలిగిన మేలు ఎంతటిదో చూపున్న మనకు అంత తేలిగ్గా అర్థం కాదు. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగింది. ఆ తర్వాత వచ్చిన కొత్త నోట్ల కొలతలు మారిపోయాయి. పాత నోటు పొడవు, వెడల్పులను వేళ్లతో కొలిచి గుర్తుపట్టే అంధులకు ఒక్కసారిగా ఆ ఆధారం పోయింది. అంగడివాడు తిరిగి ఇచ్చిన చిల్లర సరిగా ఉందో లేదో ఇంకొకరిని అడగాల్సి వచ్చింది. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మనీ' అనే యాప్‌ను విడుదల చేసింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే అది ఎంత నోటో పలికి చెబుతుంది. అయితే ఆ నోటు అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు.

చిన్న విషయమే కదా అనిపించవచ్చు. కాని రోజుకు పదిసార్లు అడగడం, పదిసార్లు ఎదుటివారి తీరికను బట్టి ఆగడం, తన రహస్యాలను పదిమంది కళ్ల ముందు పరచడం... దీన్నుంచి విముక్తి చిన్నది కాదు.

ఇక్కడ మన మనసును మనమే నిలదీసుకోవాలి. చూపు సరిగా లేనివారికి దారి చూపడం కూడా ఒక దానమేనని దైవప్రవక్త (సఅసం) మనకు బోధించారు. మరి యంత్రం దారి చూపుతుంటే మనకు ఆ పుణ్యం దక్కదే అని ఎవరైనా అనుకుంటే? అది సరైన ఆలోచన కాదు. మనకు పుణ్యం రావాలని ఇంకొకరి అవసరం అలాగే ఉండిపోవాలని కోరుకోవడం వారి పట్ల అన్యాయం. ఆకలి తీరినవాడిని చూసి అన్నదాత సంతోషించాలేగాని, రేపు నా గుమ్మం ముందుకు రాడేమోనని బాధపడకూడదు.

యంత్రం మాట ఎంతవరకు?

అయితే ఈ యంత్రం మనిషిలా చూడదన్న సంగతి మరచిపోకూడదు. కోట్లాది చిత్రాలను, వాటికి రాసిన వివరణలను చూపించి దానికి శిక్షణ ఇస్తారు. కొత్త చిత్రం ఎదురైనప్పుడు దానికి ఏ మాటలు సరిపోయే అవకాశం ఎక్కువో అది లెక్కగట్టి చెబుతుంది. లెక్క కుదిరితే వివరణ సరిగా ఉంటుంది. కుదరకపోతే అంతే ధీమాగా, అదే గొంతుతో తప్పు చెబుతుంది. నలిగిన మందుల రేకు మీద 5 మిల్లీగ్రాములను 50గా చదివితే? చూపున్నవాడు ఒకసారి కళ్లతో సరిచూసుకుంటాడు. చూపులేనివాడు దేనితో సరిచూసుకోవాలి?

మన తెలుగులో చిక్కు ఇంకాస్త ఎక్కువ. అక్షరం కింద ఒత్తు, పైన గుడి, గుడిదీర్ఘం... ఒక చిన్న గీత మారితే మాటే మారిపోతుంది. అచ్చు స్పష్టంగా ఉంటే ఫోను బాగానే చదువుతుంది. చేతిరాత దగ్గర తడబడుతుంది. అందుకే మందుల విషయంలోను, రోడ్డు దాటే విషయంలోను దాని ఒక్క మాట మీదే ఆధారపడకూడదు. తెల్లకర్ర చేసే పనిని అది ఇంకా చేయలేదు. తెలియనప్పుడు తెలియదని చెప్పడమే చూపులేనివారికి చేసే మొదటి మేలు. ఈ నియమం యంత్రాన్ని తయారుచేసేవారికే కాదు, బస్టాండులో దారి అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపేసే మనకు కూడా వర్తిస్తుంది.

ఒక అజాన్ నేర్పే పాఠం

మదీనాలో దైవప్రవక్త (సఅసం) కాలంలో ఇద్దరు ముఅజ్జిన్లు ఉండేవారు. ఒకరు హజ్రత్ బిలాల్ (రజి), రెండోవారు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). ఈయన అంధులు. రమజాన్ రాత్రుల్లో బిలాల్ (రజి) అజాన్ ముందుగా వినబడేది. అప్పటికి సహరీ ముగించనవసరం లేదు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినబడ్డాకే తినడం, తాగడం ఆపాలి. ఆయనకు తూరుపు వెలుగు కనబడదు. తెల్లవారిందని ఎవరైనా వచ్చి చెప్పేవరకు ఆయన అజాన్ ఇచ్చేవారు కాదని హదీసుల్లో ఉంది.

కాస్త ఆలోచించండి! ఊరంతా ఉపవాసం ఆరంభించే ఘడియను తెలిపే పనిని, ఆ ఘడియను కళ్లతో చూడలేని మనిషికి అప్పగించారు. ఆయనలోని లోటును ఇంకొకరు చెప్పే నిజమైన మాట పూడ్చింది. ఆ చెప్పినవారి పేర్లు ఆ హదీసులో లేవు. అజాన్ మాత్రం ఇబ్నె ఉమ్మె మక్తూమ్‌ది (రజి). అంతే కాదు, దైవప్రవక్త (సఅసం) మదీనా విడిచి వెళ్లిన పలు సందర్భాల్లో నగర బాధ్యతను కూడా ఆయనకే అప్పగించారు.

మన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని మాకు తోస్తోంది. తెల్లవారిందని చెప్పే పనిని నేడు ఫోను చేయగలదు. చేయనిద్దాం. కాని అజాన్‌ను ఆయన గొంతుకు అప్పగించే పనిని ఏ ఫోనూ చేయలేదు. అది సమాజం చేయాల్సిన పని. సాయం యంత్రం ఇవ్వగలదు, స్థానం మనమే ఇవ్వాలి.

మూసుకున్న తలుపులు

స్థానం ఇవ్వని చోట యంత్రమే గోడగా మారుతుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి, సిమ్ కార్డు తీసుకోవడానికి ఇప్పుడు చాలాచోట్ల ఫోను కెమెరా ముందు నిలబడాల్సి వస్తోంది. బతికున్న మనిషేనని రుజువు కావడానికి రెప్పలార్పమంటుంది ఆ యంత్రం. చూపులేనివారు, యాసిడ్ దాడుల్లో ముఖం గాయపడినవారు ఏం చేయాలి? వారు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమేనని, వారికి వేరే మార్గాలు కల్పించాలని 2025 ఏప్రిల్ 30న న్యాయస్థానం తీర్పు చెప్పింది. మాస్టారుకు ఉత్తరం చదివి వినిపించింది, వీరికి తలుపు మూసింది ఒకే రకమైన విద్య. తేడా అంతా తయారుచేసినవారు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్న దానిలోనే ఉంది.

యంత్రాలు లేని చోట కూడా ఇదే కథ. కృష్ణా జిల్లాలో పుట్టుకతోనే చూపు లేకుండా జన్మించిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే అనుమతించలేదు. కోర్టుకు వెళ్లి ఆ హక్కు సాధించుకున్నారు. తర్వాత అమెరికాలోని ప్రసిద్ధ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి, ఎందరో వికలాంగులకు ఉపాధి కల్పించారు. ఆయనకు అడ్డుపడింది కళ్లు లేకపోవడమా, నువ్వు చేయలేవని ముందే తేల్చేసిన మనుషులా?

మన ఇంటి నుంచే

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వారందరి చేతుల్లోనూ ఇలాంటి ఫోన్లు లేవు. ఉన్నవారికి నేర్పేవారు ఉండాలి. చదువుకున్న మన పిల్లలు ఒక సాయంత్రం కేటాయిస్తే ఆ పని జరుగుతుంది.

ఇంకొకటి. నమాజు వేళల మార్పునో, జనాజా కబురునో మనం వాట్సాప్‌లో రంగురంగుల బొమ్మగా పంపుతాం. చూపులేనివారి ఫోను మామూలుగా చదివేది అక్షరాలనే, బొమ్మను కాదు. అదే సంగతిని కింద రెండు వాక్యాలుగా టైపు చేస్తే చాలు. తెలుగులో చాలా ప్రచురణలు యూనికోడ్ కాని పాత ఫాంట్లలో తయారవుతాయి. వాటిని కంప్యూటరు చదవబోతే అర్థంలేని గుర్తులే వినబడతాయి. కలం పట్టిన మనం కూడా ఈ లోపానికి జవాబుదారులమే. ఇక ఫుట్‌పాత్ మీద అడ్డంగా నిలిపే మోటారు సైకిలును తప్పించడానికి ఏ కృత్రిమ మేధా అక్కర్లేదు.

చివరిగా, మా మాస్టారి విషయం. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. చూపు పోయాక ఆయన ఉత్తరాలు చదివిపెట్టాం, చేయి పట్టుకుని రోడ్డు దాటించాం. లెక్కలు చెప్పమని మాత్రం మాలో ఒక్కరూ అడగలేదు. చేయలేరని ఆయన అనలేదు, మేమే అనుకున్నాం. ఆ జుమా తర్వాత సిగ్గుపడి వెళ్లి, సాయంత్రం తరగతులకు వస్తారా అని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బోర్డు మీద రాయడానికి ఒక కుర్రవాడు కావాలి. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. తెలియకపోతే తెలియలేదని అడగాలి" అన్నారు.

తెల్లవారిందని చెప్పినవారు చేసింది కూడా ఈ పనే. మన వీధిలో, మన బంధువుల్లో ఇలా ఎవరి గొంతును మనం మూగగా ఉంచేశామో ఈ రోజే ఒకసారి వెతుక్కుందాం.