పిన్ను పట్టినంత మాత్రాన



నువ్వు పంపిన హిచ్ ఫొటోలు చూశాను. పనితనం బాగుంది. నూజివీడు మామిడి తోటల్లో కొమ్మల కింద దూరి తిరిగే చిన్న ట్రాక్టరుకు పెద్ద ట్రాక్టరు పనిముట్లు తగిలించుకునేలా అడాప్టరు చేశావు. మన తోటలో చూసి నలుగురు అడిగారనీ, ఇక చేసి అమ్ముతాననీ రాశావు. అమ్ము, నేను కాదనను. కానీ సొంతానికి చేసుకోవడం వేరు, డబ్బు పుచ్చుకుని ఇవ్వడం వేరు. ఆ సంగతి చెప్పకుండా ఊరుకోలేను.

మన హిచ్‌లో బలం తక్కువ ఎక్కడో నీకు తెలుసు. గట్టు ఎక్కేటప్పుడు నీ చెయ్యి దానంతటదే లివరు మీదికి పోతుంది. కొన్నవాడికి ఆ ఎరుక ఉండదు. అతని చేతికి వచ్చేది ఇనుమూ, పైన పెయింటూ. నీకు తెలిసిందంతా అతనికి చెప్పే పూచీ నీదే.

జీరో కేటగిరీ ట్రాక్టరు కింది లింకు పిన్ను సుమారు 16 మిల్లీమీటర్లు, ఒకటో కేటగిరీది 22. రెండు లింకుల మధ్య ఎడం కూడా వేరు. బండి బలానికి తగిన పనిముట్టే దానికి తగలాలని అలా విడదీశారు. నీ అడాప్టరు ఆ అడ్డు తీసేస్తోందిరా. రేపు ఎవరో 18 హెచ్‌పీ బండికి తొమ్మిది పళ్ళ కల్టివేటరు తగిలిస్తాడు. పిన్ను పడుతుంది, లివరు లాగితే లేచినా లేస్తుంది. అప్పుడు ముందు చక్రాలు నేలను వదిలేస్తాయి, స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు. చెట్ల మొదళ్ళ మధ్య ఆ సీటు మీద ఉండేది చాలాసార్లు కొన్న ఆసామి కాదు, రోజు కూలికి వచ్చిన కుర్రాడు. నీతో బేరమాడిందీ వాడు కాదు, నువ్వు వాడి ముఖం చూసిందీ లేదు. నా బెంగంతా వాడి గురించే.

అసలు నీ హిచ్ తగిలే ఈ త్రీ పాయింట్ లింకేజ్ పుట్టిందే అలాంటి మనిషి కోసమని నాకు అనిపిస్తుంది. 1917లో ఐర్లండులో ట్రాక్టరు దున్నకం మెరుగుపరిచే పని హ్యారీ ఫెర్గూసన్‌కు అప్పగించారు. ఆ రోజుల్లో నాగలిని బండి వెనక ఊరికే ఈడ్చేవారు. నాగలి కర్రు రాయికో వేరుకో తట్టుకుంటే బండి ముందుభాగం పైకి లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. ఆయన నాగలిని కింద రెండు లింకులతో, పైన ఒక లింకుతో బండికే కలిపాడు. నేల నాగలిని ఆపినకొద్దీ పై లింకు బండిని ముందుకు నెట్టి, ముందు చక్రాలను నేలకు అదుముతుంది. మూడు ఇనుప కడ్డీల పొందికతో ఎంత పని చేశాడో చూడు! ఆ పొందికనే మనం అడ్డదిడ్డంగా మార్చి అమ్మకూడదు.

మొద్దులు పీకడానికి హిచ్ పైన ఒక హుక్కు పెట్టమని కొనేవాళ్ళు అడుగుతారు. పెట్టకు. వెనక ఇరుసు కన్నా ఎత్తులో గొలుసు కట్టి లాగితే క్షణాల్లో బండి వెనక్కి తిరగబడవచ్చు, క్లచ్చు తొక్కే వ్యవధి కూడా ఉండదు. లాగుడు పనికి కింద డ్రాబారు ఉందని చెప్పు. పక్క షాపుకు పోతానంటే పోనీ.

ఇక నీ పని సంగతి. ప్లేటు అంచు వాలుగా గ్రైండింగ్ చేశాకే వెల్డు పెట్టు, లేకపోతే అతుకు పైపైనే కూర్చుంటుంది. 7018 వెల్డింగ్ రాడ్లు వానాకాలం తేమ పీల్చుకుంటాయి, వేడి చేసి ఆరబెట్టుకోకుండా వాడకు. బోల్టు తల మీద 8.8 అని గుర్తు చూసి కొను. మామూలు 4.6 బోల్టు దాని బలంలో సగమే. పెయింటు వేయకముందు ప్రతి అతుకూ వెలుతురులో తిప్పి చూడు. సన్నని చీలిక కనబడితే పైన ఇంకో పూత రాడ్డు వేసి కప్పకు, కోసి మళ్ళీ అతుకు. ప్రతి హిచ్ మీదా ఎన్ని హెచ్‌పీ బండికో, ఎంత బరువు వరకో తెలుగులో పంచ్ కొట్టు. కాగితం ఇస్తే పోతుంది. పైగా నడిపేవాడి దాకా అది చేరదు.

లేత్ పని చేసిపెడుతున్న నీ స్నేహితుడితో వాటా ఎంతో రాసుకో. ఫెర్గూసన్ 1938లో హెన్రీ ఫోర్డ్‌తో చెయ్యి కలిపి మాట అనుకున్నాడు, కాగితం లేదు. ఫోర్డ్ మనవడి కాలంలో అది చెడి, 1948లో దావా దాకా వెళ్ళింది. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బు వచ్చింది కానీ స్నేహం రాలేదు.

తొమ్మిది పళ్ళ కల్టివేటరు కోసం అడ్వాన్సు ఇచ్చిన రైతు సంగతి రాశావు కదా. ఆ డబ్బు ఈ వారమే తిరిగి ఇచ్చేయ్. ఎందుకు చేయనంటున్నావో ఆయన బండి దగ్గరే నిలబడి చూపించి చెప్పు. ఐదు పళ్ళది చాలంటే దానికి సరిపడా చేసిపెట్టు. అమ్మను అడిగానని చెప్పు. కొత్తది చేశాక పెయింటుకు ముందే ఫొటోలు పంపు.

నీ మామయ్య